ఎడమకొస

తాడు కోయలేదట. టార్పాలిన్ బిగువుగానే ఉందట, ఆ పక్క మూడూ ఈ పక్క మూడూ ఆరు ముళ్ళూ ఉన్నచోటే ఉన్నాయట, లారీని రోడ్డు దింపి సాలచెట్ల నీడలో పద్ధతిగా నిలబెట్టి ఉందట, డ్రైవరు మాత్రం లేడట. ఫోనులో ఆ హవల్దారు అంతవరకే చెప్పి పెట్టేసి ఉంటే ఎంత బాగుండేది! పెట్టలేదు మహానుభావుడు. వెనక చక్రాల మీది కమాన్ పట్టీలు పైకి లేచి ఉన్నాయి, టైర్లు బరువు మోస్తున్నట్టు లేవు, గాడీ ఖాలీ లగ్తీ హై అని కూడా అన్నాడట. ఐదు టన్నుల రాగి తీగ ఎక్కించుకుని నిన్న మధ్యాహ్నం కలకత్తాకి బయల్దేరిన బండి గాలూడీ దాటాక ఖాళీగా కనిపిస్తోందంటే, పైన తాడు మాత్రం కట్టింది కట్టినట్టే ఉందంటే, దానికి అర్థమేమిటో టాటానగర్ సాక్చి గోడౌనులో తెలియనివాడు లేడు. ఆ ముడి విప్పడం, విప్పి మళ్ళీ కట్టడం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు గోడౌను జమాదారు తవిటయ్య. రెండోవాడు బండి తోలుకెళ్ళిన ఆదిబాబు, తవిటయ్య చెల్లెలి మొగుడు. ఇంకెవరికైనా తెలుసా అని గుమాస్తా సోమేశ్వరరావు ఫోను చెవి దగ్గర ఉండగానే అడిగాడు. "ఇద్దరమేనండి బాబూ" అన్నాడు తవిటయ్య. ఎంత తొందరగా అన్నాడు! ఆయన నోట్లో మాట పూర్తికాకముందే అనేశాడు. ఇప్పుడు కంపెనీ జీపు వెనకవైపు బల్లమీద కూర్చుని మాంగో వంతెన ఎక్కుతుంటే ఆ తొందరే మళ్ళీ మళ్ళీ చెవిలో వినపడుతోంది.

ఎదురుబల్ల మీద చెల్లెలు వరహాలమ్మ. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో చద్దన్నం, రెండు ఉల్లిపాయలు, కాల్చిన ఎండునెత్తళ్ళు. వద్దమ్మా, ఆడదానివి నువ్వెందుకంటే విన్నదా? "నాను వత్తాను. నిన్నటి కాణ్ణుంచి ఆయన ఏటి తిన్నాడో ఏటో" అని చెప్పులైనా లేకుండా వచ్చి ఎక్కేసింది. దొంగ అని అందరూ అంటున్న మొగుడికి అన్నం పట్టుకొస్తోంది. ముందుసీట్లోంచి సోమేశ్వరరావు ఒకసారి వెనక్కి తిరిగి ఆ డబ్బా చూసి మళ్ళీ రోడ్డువైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు, టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, తెలుగువాళ్ళంటే కాస్త ప్రేమ కూడా ఉంది, కానీ పొద్దుటినుంచి ఆ ప్రేమను దాచిపెట్టుకుని తిరుగుతున్నాడు. వంతెన సన్నం, ఎదురుగా ఇటుకల ట్రాక్టరు వచ్చి జీపు ఆగింది. కింద సువర్ణరేఖ మే నెల ఎండకి ఇసుక తేలి నాలుగు పాయలైంది. భుయ్యాడీ ఒడ్డున శవాలు కాల్చే ఘాట్ మీద పొగ లేస్తోంది, ఎవరిదో. తవిటయ్య అటు చూడలేదు. చూడకూడదని ముందే అనుకుని ఎక్కాడు. అయినా పొగవాసనకి మొహం తిప్పడం ఎవడితరం, ఇనుము కరిగే వాసనా, గంధకం వాసనా, డీజిలు వాసనా అన్నీ కలిసిన ఈ ఊరి గాల్లో కూడా ఆ వాసన వేరుగా తెలుస్తుంది.

ముడి గురించి ఆలోచించు, ముడి గురించే. ముడి నాన్నది. సోంపేట అవతల సముద్రం ఒడ్డున నాన్న తెప్పలు కట్టేవాడు. నాలుగు దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో బిగిస్తే తెప్ప. వేటనుంచి వచ్చాక ముళ్ళు విప్పి దుంగలు ఎండబెట్టేవాళ్ళు, మర్నాడు తెల్లారగట్ల మళ్ళీ కట్టేవాళ్ళు. రోజూ కట్టాలి, రోజూ విప్పాలి, తడితాడుతో, చలికి కొంకర్లుపోయిన వేళ్ళతో. అందుకే ఆ ముడి. కెరటం ఎంత గుంజితే అంత బిగుస్తుంది, తెలిసినవాడు ఒక కొస పట్టుకుని ఒక్కసారి లాగాడా, అమ్మాయి జడ విప్పుకున్నట్టు జారిపోతుంది. తెలియనివాడు తెల్లార్లూ పీక్కున్నా రాదు. నాన్న నేర్పిన మొదటిరోజు తవిటయ్యకి గోళ్ళు రెండు లేచిపోయాయి. కుడికొస పైనరా, కుడికొస పైన, ఎన్నిసార్లు సెప్పాలి నీకు! నాన్న పక్కన కూర్చుని తాడు అందించేది వరహాలమ్మ, అయిదేళ్ళది, ఆరేళ్ళది, ఒళ్ళంతా ఇసుక. ఆడపిల్లకి ముడెందుకే అని నాన్న నవ్వేవాడు గాని చెయ్యి పట్టి తరిమిందీ లేదు. అన్నకంటే ముందు దానికే వచ్చేసిందేమో, ఎవరు చూశారు. ఇప్పుడు చూస్తే ముప్పై ఏళ్ళ ఆడమనిషి, నుదుటిమీద రూపాయంత బొట్టు పెట్టుకుని, జీపు కుదుపుకి డబ్బా మూత ఊడకుండా రెండు చేతులా నొక్కి పట్టుకుని కూర్చుంది. ఆ బొట్టు వంక చూడలేక తవిటయ్య తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

ఈ ఊరికి వచ్చినప్పుడు తవిటయ్యకి చేతిలో ఉన్నది ఆ ఒక్క ముడే. బస్తాలు మోశాడు, ఇనుపకడ్డీలు మోశాడు. ఒక వర్షాకాలం రాంచీ వెళ్ళే బండికి టార్పాలిన్ కట్టేవాడు రాకపోతే నేను కడతానన్నాడు. ఘాట్ రోడ్డుమీద కదిలే లారీ ఎక్కి తాళ్ళు విప్పి సరుకు కిందకి తోసే దొంగలు ఆ రాత్రి కూడా ఎక్కారు. కూడా వెళ్ళిన మూడు బండ్లు ఖాళీ అయ్యాయి, తవిటయ్య కట్టింది మాత్రం చెక్కుచెదరకుండా చేరింది. అంతే, మర్నాటినుంచి అతను జమాదారు. యజమానికి ఆ ముడిమీద ఎంత గురి అంటే, సీసం సీలు ఎవడైనా నకలు చేస్తాడు, తవిటయ్య ముడి నకలు చేసేవాడు పుట్టలేదు అని వచ్చిన ప్రతి పార్టీకీ చెప్పేవాడు. దాంట్లో కిటుకేమిటంటే ముడి దొంగని ఆపడం కాదు, దొంగ ఎవడో చెప్పడం. బయటివాడైతే విప్పలేడు, కత్తితో కోస్తాడు, తెగినతాడు కనపడుతుంది. తాడు తెగకుండా సరుకు పోయిందా, అది లోపలివాడి పని. అందుకే యజమాని గోడౌనులో దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించాడు. ఎవరికీ నేర్పనని, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బండి విప్పి చూపించాలి కాబట్టి కలకత్తా రూటు డ్రైవరు ఒక్కడికే నేర్పుతానని. ఆ ఒక్కడుగా ఆదిబాబుని తనే ఎంచాడు. సొంతమనిషని. నమ్మకస్తుడని. చెల్లెలి ఇంట్లో నాలుగుకాలాలు అన్నం ఉంటుందని కూడా, ఎందుకు దాచడం.

ఇక రూల్సు. అవీ తవిటయ్యవే, కాగితంమీద లేవు, నోట్లోనే. దారిలో ఎవర్నీ ఎక్కించుకోవద్దు, ఆడమనిషి చెయ్యెత్తినా సరే. ఒకే హోటల్లో రెండుసార్లు తినొద్దు. ఏ రూటో ఏ సరుకో పెళ్ళానికి కూడా చెప్పొద్దు. పొద్దుగూకితే స్టేషనున్న ఊళ్ళో తప్ప బండి ఆపొద్దు. క్లీనరు పనికి కొత్త కలాసీని ఎక్కించుకోవద్దు. అన్నిటికంటే పెద్దది, ఏం జరిగినా బండి వదలొద్దు. బండి వదిలినవాడు డ్రైవరు కాదు. ప్రతి బండి గేటు దాటేముందు తలుపు పట్టుకుని ఇవన్నీ వల్లించేవాడు, డ్రైవర్లు చాటున పంతులుగారు అని పిలిచేవాళ్ళు. ఆదిబాబు చాటున కాదు, మొహానే. నిన్న మధ్యాహ్నం కూడా స్టీరింగు మీద గెడ్డం ఆనించి పళ్ళికిలించాడు. "పాఠం అయిపోనాదా బావా? ఇక బండి తియ్యమంతావా, బలపం పలక తెమ్మంతావా?" వాడి కలాసీ గయ వెళ్ళాడు అక్క పెళ్ళికి. వేరేవాణ్ణి ఇమ్మని అడిగాడు కూడా. కొత్తవాడు వద్దు, నువ్వొక్కడివే పో అన్నది ఎవరు? తవిటయ్యే. పక్కన ఇంకో మనిషి ఉంటే ఏమయ్యేదో. ఏమీ అయ్యేది కాదేమో. ఇద్దరూ పోయేవాళ్ళేమో. పోయేవాళ్ళు అనుకుంటున్నావేమిటిరా వెధవా, వాడు పోయాడని ఎవరన్నారు? వాడు సరుకు అమ్ముకుని పారిపోయాడని కదా ఊరంతా అంటున్నది!

అవును, పారిపోయాడు. దొంగే వాడు. భగవంతుడా, వాణ్ణి దొంగని చెయ్యి. తవిటయ్య జీపు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని నిజంగా అదే మొక్కుకున్నాడు. ఖరగ్‌పూర్‌లో ఎవత్తెనో పెట్టుకున్నాడు. ఉండే ఉంటుంది, డ్రైవర్లకి ఉంటుంది. రాగి అమ్ముకుని కొత్త చొక్కా కొనుక్కుని ఏ పూరీ రైలో ఎక్కి కిటికీ దగ్గర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. పోనీ కూర్చోనీ. ఏడాదికో రెండేళ్ళకో దొరుకుతాడు, అప్పుడు నడిబజార్లో చెప్పుతో కొడతాను, పళ్ళు రాలగొడతాను, జైలుకి అన్నం పట్టుకెళ్ళి ఇస్తాను. వరహాలమ్మ వాణ్ణి తిట్టుకుంటూ బతుకుతుంది. తిట్టుకోవడానికి మొగుడంటూ ఉండాలి కదా. ఆ చొక్కా రంగు కూడా కనిపించింది తవిటయ్యకి, నీలం గళ్ళు. అంతలో ఇంకో చొక్కా అడ్డొచ్చింది, నిన్న వేసుకున్న ఖాకీది, చంక కింద వరహాలమ్మ తెల్లదారంతో కుట్టిన చిరుగు ఉన్నది. ఆ చిరుగు మీద నుంచి ఆలోచన ఎంత తోసినా కదలలేదు.

"అన్నియ్యా" అంది వరహాలమ్మ. జీపు మోతలో గట్టిగా అనాల్సి వచ్చింది. "ఆయన దొంగతనం సేత్తాడేటి? నువ్వు సెప్పు. నీ నోటితో సెప్పు."

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. అది లేదని ఊపడమో, ఏమో తెలీదని ఊపడమో అతనికే తెలీదు. సోమేశ్వరరావు ముందునుంచి వినేశాడు. "చూడమ్మా, మాకు మాత్రం ఇష్టమా? ముడి ఎవరు కట్టారో మీ అన్న చెయ్యి పెట్టి చూస్తే తేలిపోతుంది. పోలీసులు కూడా అందుకే తాకలేదు. పోయినసారి వాళ్ళు విప్పిన బండిలో సరుకు తగ్గిందని మనం గొడవ చేశాం కదా, కంపెనీ మనిషి లేనిదే ముట్టుకోమంటున్నారు" అన్నాడు. మీ అన్న చెయ్యి పెట్టి చూస్తే. చెయ్యి. తవిటయ్య తన కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు.

చూస్తే తేలిపోతుంది, అవును, కానీ తేలాల్సింది సోమేశ్వరరావు అనుకుంటున్నది కాదు. పొద్దుటినుంచి తవిటయ్య బుర్ర ఎటు పోయినా ఒక గుమ్మం దగ్గరికి వచ్చి వెనక్కి తిరుగుతోంది. గాలూడీ రోడ్డు ఎక్కి జీపు వేగం అందుకున్నాక ఇక తిరగడానికి చోటు మిగల్లేదు. ఆ గుమ్మం చిలకమ్మది. భుయ్యాడీలో ఆఖరి వరస ఇల్లు. మూడేళ్ళ కింద, వానల్లో, చిలకమ్మ పోయింది. ఆ వాడలో తెలుగువాళ్ళు ఎవరు పోయినా పాడె కట్టేది తవిటయ్యే. బండి కట్టేవాడికి పాడె కట్టడం ఎంతసేపు అని మొదట ఎవరో సరదాగా అన్నారు, తర్వాత అది అతని పని అయిపోయింది. ఊళ్ళో నాన్న చేసేవాడు, ఇక్కడ తను. పాడెకి కూడా ఆ ముడే. కాకపోతే తిరగేసి. బరువుకి కుడికొస పైన, పాడెకి ఎడమకొస పైన. చూడ్డానికి రెండూ ఒకటే, బయటివాడు పోల్చలేడు. కుడిపక్క లాగితే మొదటిది జారుతుంది, రెండోది ఇంకా బిగుస్తుంది. తమ అమ్మ పోయినప్పుడు నాన్న అలా కడుతుంటే, ఏడేళ్ళ వరహాలమ్మ పక్కన నిలబడి ఎడమకొస పైనెందుకు ఏసినావని అడిగింది. "ఇది మల్లా ఒడ్డుకి రాని తెప్ప గదమ్మా" అన్నాడు నాన్న. ఇప్పుడు అది దానికి గుర్తుండదు. ఏడేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది.

పాడె తాడు కత్తితో కోయకూడదు, అదొకటి వాళ్ళ ఊరి ఆచారం. కోస్తే పోయినవాళ్ళు సగంలో ఆగిపోతారట. చితి దగ్గర సొంతమనిషి, కొడుకున్నవాళ్ళకి కొడుకు, తన చేత్తో ఒక్కొక్క ముడీ విప్పాలి, విప్పి సాగనంపాలి. చిలకమ్మకి ఒక్కడే కొడుకు, బలరామ్. అప్పుడు గోడౌనులో తవిటయ్య కిందే హమాలీ. ఘాట్ మీద వాన పడుతోంది, కట్టెలు తడిసిపోతున్నాయి, కాటికాపరి తొందరపెడుతున్నాడు, బలరామ్ ఆరు ముళ్ళముందు కూర్చుని పీకుతున్నాడు, అవి బిగుస్తున్నాయి. ఎవరో కత్తి తీశారు. "వద్దు మావా, కోయనీకు, మాయమ్మ ఆగిపోద్ది" అని బలరామ్ ఏడ్చాడు. ఏం చెయ్యాలి? ఒట్టు గుర్తుకొచ్చింది. దేవుడి పటం గుర్తుకొచ్చింది. ఇరవైనాలుగేళ్ళ మగవాడు తల్లి కాళ్ళదగ్గర వానలో ఏడుస్తుంటే ఏ దేవుడికి చెప్పుకుంటాం? తవిటయ్య వాడి పక్కన కూర్చుని వాడి ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని చూపించాడు. ఇదిగో, ఈ కొస, ఇటు. మొదటిది జారింది, రెండోది వాడే విప్పాడు. ఎలా కడతారో కూడా చూస్తానంటే, ముందుముందు ఎవరికైనా పనికొస్తుందిలే, నా తర్వాత పాడెలు కట్టేవాడు ఉండాలి కదా అని, అదీ చూపించాడు. తడితాడుతో వాడి వేళ్ళు పట్టుకుని రెండుసార్లు కట్టించాడు. చనిపోయినవాళ్ళ ముడే కదా, ఎడమకొస ఒక్కటే కదా, దాంతో బండి ఎవడు కడతాడు అనుకున్నాడు. అది తప్పని అప్పుడు ఎవరూ అనేవాళ్ళు కారు. ఇప్పటికీ ఆ వానలో మళ్ళీ కూర్చోబెడితే చూపించకుండా ఉండగలడో లేదో తవిటయ్యకి తెలియదు.

తర్వాత బలరామ్ తాగుడు పట్టి, ఎవరితోనో కొట్టుకుని పని పోగొట్టుకున్నాడు. మాంగోలో ఏవో లారీలవాళ్ళతో తిరుగుతున్నాడని విన్నాడు. వినీ యజమానికి చెప్పలేదు. చెబితే ఒట్టు తప్పానని చెప్పాలి, జమాదారీ పోతుంది. మొన్న సాక్చి మార్కెట్లో ఎదురుపడి నడిరోడ్డు మీద కాళ్ళకి దండం పెట్టాడు వాడు. టీ తాగించాడు. అమ్మ పేరెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. మాటల్లో మాటగా, "ఆదిబాబు మావ ఇప్పుడు ఏ రూటు కొడతన్నాడు మావా?" అన్నాడు. "కలకత్తావేరా, రాగి ఉంటే ఆడే గదా ఎల్తాడు" అన్నాడు తవిటయ్య. టీ గ్లాసు చేతిలో ఉంది, ఎండ వెచ్చగా ఉంది, చచ్చిపోయిన చిలకమ్మ కొడుకు మర్యాదగా ఉన్నాడు. పెళ్ళానికి కూడా చెప్పొద్దని ఊళ్ళో డ్రైవర్లందరికీ పాఠం చెప్పే పంతులుగారు, ఎంత బాగా చెప్పాడు! ఛీ, నీ నోరు పడిపోను.

కాబట్టి ఉన్నవి రెండే దారులు. ముడి కుడికొసా, కట్టింది ఆదిబాబు, వాడు దొంగ, బతికున్నాడు. ముడి ఎడమకొసా, కట్టింది బలరామ్, ఆదిబాబు దొంగ కాదు. ఒక ముడి తెలిసినవాడికి విప్పడానికి రెండో కొస లాగి చూస్తే చాలు, కట్టడం మాత్రం నేర్చిన ఎడమకొసే చేతికి వస్తుంది. అయితే మరి ఎక్కడున్నాడు? బండి వదలొద్దు అన్న మాట ఒక్కటే వాడు తవిటయ్య దగ్గర నవ్వకుండా విన్న మాట. వదలడు. ఎంతమంది వచ్చినా వదిలి ఉండడు. జీపు పక్కన సాలచెట్లు వెనక్కి పోతున్నాయి, సంతకి వెళ్ళే ఆడవాళ్ళు నెత్తిమీద గంపలతో వరసగా నడుస్తున్నారు, ఒక గంపలో కోడి తల బయటపెట్టి చూస్తోంది. గాలూడీ వచ్చింది, పోయింది. ఇంకాస్త దూరం ఉంటే బాగుణ్ణు. రోడ్డు ఇలాగే సముద్రందాకా పోతే బాగుణ్ణు.

లారీ నిజంగానే నీడలో పద్ధతిగా నిలబడి ఉంది. హవల్దారు దానికి దగ్గర్లో లేడు, గాలికి ఎదురుగా ఇరవై గజాల అవతల చెట్టుకింద కూర్చుని ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. జీపు చూసి లేచి, "ఖోలా నహీ హమ్‌నే, హాథ్ భీ నహీ లగాయా" అని, విప్పలేదు ముట్టుకోలేదన్న మాట ముందుగా చెప్పి, ఇక్కడెక్కడో కుక్క చచ్చినట్టుంది అని కూడా అన్నాడు. సోమేశ్వరరావు జేబురుమాలు తీశాడు. తవిటయ్య దిగాడు. కమాన్లు లేచే ఉన్నాయి. టార్పాలిన్ నడిమధ్య ఒకచోట ఈగలు నల్లగా వాలి ఉన్నాయి, మిగతా టార్పాలిన్ మీద ఒక్కటీ లేదు. చూడకు. ముడి చూడు. ముడి కూడా చూడకు, చెయ్యి పెట్టు. వెనకనుంచి మొదటి ముడిమీద కుడిచెయ్యి వేసి కళ్ళు మూసుకుని కుడికొస పట్టుకుని లాగాడు, ఇరవై ఏళ్ళుగా లాగినట్టే. రాలేదు. బిగిసింది. తాడుకి చెమట పట్టిందేమో. రెండోదాని దగ్గరికి వెళ్ళాడు, లాగాడు, బిగిసింది. మూడోది. బండి చుట్టూ తిరిగి నాలుగోది, అయిదోది, ఆరోది. అన్నీ శ్రద్ధగా, బిగువుగా, తను వానలో వేళ్ళుపట్టి నేర్పినట్టే ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు. శిష్యుడు గురువు పరువు నిలబెట్టాడు.

"ఏమయ్యా, నీ ముడేనా?" సోమేశ్వరరావు రుమాలులోంచి అడిగాడు. కాగితాల అట్ట తెరిచి పట్టుకున్నాడు. హవల్దారు కూడా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ వెనక వరహాలమ్మ, డబ్బా గుండెకి ఆనించుకుని, అన్న మొహం తప్ప ఇంకేమీ చూడకుండా నిలబడి ఉంది. ఆ బొట్టు. ఇంకొక్క రోజు ఉండనీ, తవిటయ్య అనుకున్నాడు, ఈ టార్పాలిన్ ఎత్తేదాకానైనా, పది నిమిషాలైనా సరే. అలా అనుకున్నమాట నిజమే. ఆ అనుకోవడం వెనక, జమాదారీ పోతుందనీ, పోలీసులు తనని పట్టుకుంటారనీ భయం కూడా ఉన్నమాట అంతకంటే నిజం. "అవునండి" అన్నాడు. "మా బావ కట్టిందేనండి. ఆడి సెయ్యే."

సోమేశ్వరరావు రాసుకున్నాడు. వరహాలమ్మ మొహం ఒక్కసారిగా విప్పారింది. మొగుడు దొంగ అని తేలినందుకు ఎవరైనా అలా సంతోషిస్తారా! "బతికున్నాడు గదా అన్నియ్యా, బతికేగదా ఉన్నాడు, దొంగెదవ" అంటూ నవ్వింది, ఏడ్చింది, డబ్బా నేలమీద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, ఎందుకో మరి, మొగుడు చివరిసారి ముట్టుకున్న వస్తువు అనుకుందేమో, నెమ్మదిగా బండి దగ్గరికి వచ్చి ఆ మొదటి ముడిమీద చెయ్యి వేసి నిమిరింది. తవిటయ్య వద్దనడానికి నోరు తెరిచేలోపు కుడికొస పట్టుకుని చిన్నగా గుంజింది.

బిగిసింది. ఆమె నొసలు ముడిపడింది. ఇంకోసారి గుంజింది. తర్వాత ఆమె ఎడమచెయ్యి దానంతట అది లేచింది. ఇసుకలో ఆడుకున్న ఏడేళ్ళ పిల్ల చెయ్యి, ఇన్నేళ్ళూ ఏదీ మరిచిపోలేదు. అవతలి కొస పట్టుకుని ఒక్కసారి లాగింది. ముడి జారింది, తాడు వచ్చి ఆమె పాదాలమీద పడింది. ఆమె కిందకి చూసింది, తాడుని చూసింది, తల ఎత్తి టార్పాలిన్ మీద ఈగల్ని చూసింది.

"ఇది ఒడ్డుకి రాని తెప్ప ముడి గదా అన్నియ్యా" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఇది ఆయనకి నువ్వు నేర్పనేదు. ఎవుడికి సూపినావు?"

సోమేశ్వరరావు కలం ఆపాడు. తవిటయ్యకి సువర్ణరేఖ ఒడ్డున వాన చప్పుడు వినిపించింది. "బలరామ్‌కి" అన్నాడు, అందరికీ వినపడేలా. "సిలకమ్మ కొడుకు బలరామ్‌కి, నానే సూపినాను. రాయండి బాబూ. మా బావ దొంగ కాడు, రాయండి."

హవల్దారు మిగతా తాళ్ళు కోసేద్దామని నడుముకున్న చాకు తీశాడు. వరహాలమ్మ అతని చెయ్యి పక్కకి తోసింది. తవిటయ్య సాయం చెయ్యబోతే అన్న చెయ్యి కూడా తోసేసింది. ఇంకా అయిదు ముళ్ళున్నాయి. ఆమె రెండోదాని దగ్గరికి నడిచి ఎడమచేత్తో కొస పట్టుకుంది.